సీసం బిళ్ళ

నాన్న ఆల్క్‌మార్ సంతలో జున్ను తూచేవాడు.
నేను కార్లు తూచాను.
మా ఇంట్లో తక్కెడ పట్టిన చెయ్యి మారలేదు,
తక్కెడలో పడే సరుకే మారింది.

డెబ్బయ్యారులో, జాండ్‌వోర్ట్ ఇసుకదిబ్బల వెనక
ఇరవై నాలుగు చిన్న కార్లు వరసగా నిలబడ్డాయి.
ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఇంజన్, ఒకే టైరు,
ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లాగా.
రంగు మాత్రం ఎవరి ముచ్చట వాళ్ళది.
కసాయి బారెండ్‌ది ఎరుపు, పళ్ళ డాక్టరుది తెలుపు,
డ్రైవింగ్ స్కూలు ఫ్రౌకేది నిమ్మపండు పసుపు.

తాళాలన్నీ ఒక టోపీలో వేసి కుదిపాం.
ఎవరి చేతికి ఏది తగిలితే అది.
"పెద్ద పందేల్లో డబ్బు పరిగెడుతుంది,
ఇక్కడ మనిషి పరిగెత్తాలి" అన్నాడు
ఈ కప్పు మొదలుపెట్టిన పెద్దాయన.
మంచి మాటే.
ఆ ఏడు ఆయన కార్లూ బాగానే అమ్ముడుపోయాయి.

నా పని ఇంజన్‌కి తీగ చుట్టి
సీసం బిళ్ళ గుచ్చి పటకారుతో నొక్కడం.
పటకారు నోట్లో ఏడు అంకె.
బిళ్ళ తెగిందా, కారు పందెంలో లేనట్టే.

ఒకే అచ్చంటే నమ్మకండి.
వెంట్రుకవాసి అనే ఊళ్ళోనే
వీళ్ళందరి కాపురం.
తూకానికి ముందు రెండు లీటర్ల నీళ్ళు తాగినవాణ్ణి చూశాను.
తూకమయ్యాక పొదల్లోకి పరిగెత్తినవాణ్ణీ చూశాను, వాడే.
మంచుపెట్టెలో దాచిన పెట్రోలు,
చాకుతో ఒక్క మిల్లీమీటరు గీరిన టైరు.
దొంగపని అంత శ్రద్ధగా చేస్తే
దండం పెట్టాలనిపించేది.
దండం పెట్టకుండా జరిమానా రాసేదాన్ని.

ఇక వీగర్ టెర్‌హోర్స్ట్.
రొట్టెల బట్టీ అతనిది, రాత్రి రెండింటికే లేచే మనిషి.
మూడేళ్ళు వరసగా
వెనక నుంచి మొదటివాడు.
"నా కారుకే ఏదో పట్టింది" అనేవాడు.
ఇంజన్ విప్పాం, కొలిచాం, మళ్ళీ బిళ్ళ వేశాం.
ఉప్పుగాలి అన్నాడు. గేరు అన్నాడు. టోపీలో నా చెయ్యే మంచిది కాదన్నాడు.
చివరికి డెబ్బై తొమ్మిది సెప్టెంబరులో
ఛాంపియన్ రీనస్ తన తాళాలు తీసి
అతని అరచేతిలో పెట్టాడు.
"నాది నువ్వు తీసుకో. నీది నాకివ్వు."

వాన. మలుపుల్లో తడిసిన ఇసుక.
పిండి వాసన కొట్టే కారులో
రీనస్ ఏడు సెకన్ల తేడాతో గెలిచాడు.
వీగర్ ఛాంపియన్ కారులో
ఇరవై నాలుగోవాడిగా వచ్చాడు.

మేమందరం బూట్లు చూసుకుంటూ నిలబడ్డాం.
అతను హెల్మెట్ తీసి, స్టీరింగ్ వంక కాసేపు చూసి,
"హమ్మయ్య, నా కారు మంచిదే" అన్నాడు.
పై వారం బుట్టెడు రొట్టెలు తెచ్చాడు.
పందెం మానలేదు.
సాకు మానేశాడు.

తర్వాత టీవీ వచ్చింది.
పెద్ద పందేనికి ముందు వడ్డించే
ఇరవై నిమిషాల ఫలహారమయ్యాం.
మోడలు మారినప్పుడల్లా పాత కార్లు
పొలాల్లో కోళ్ళగూళ్ళయ్యాయి.
డ్రైవర్లు పదహారేళ్ళ పిల్లలు,
వెనక తండ్రి, తండ్రి వెనక బ్యాంకు.
సీసం పోయి నల్లపెట్టె వచ్చింది,
దాని కడుపులో ఏముందో ఫ్యాక్టరీకే ఎరుక.
నాకు లాప్‌టాప్ ఇచ్చారు.
పచ్చగీత వస్తే నిజాయితీ, ఎర్రగీత వస్తే మోసం.
పటకారు కుట్టుసామాను డబ్బాలో పడుకుంది.

పోయిన శీతాకాలం మ్యూజియం కుర్రాడొకడు ఫోన్ చేశాడు.
ఆనాటి కారు ఒకటి కావాలట,
ఎవరూ విప్పి ఊదరగొట్టనిది.
వెతగ్గా ఒక్కటే దొరికింది,
మూతపడిన బట్టీ వెనక,
పిండి సంచుల కింద.
బిళ్ళ మీద ఏడు ఏడులాగే ఉంది.

"ఇది గెలిచిన కారేనా?" అని అడిగాడు.
"ఒకసారి గెలిచింది" అన్నాను.
ఎవరు నడిపారని అతనడగలేదు.
నేనూ చెప్పలేదు.